ఎండిన ఏట్లో ఎగ్గట్టిన పంచె

మా మాల్యాద్రి మామ ఎండిపోయిన ఏటిని కూడా పంచె ఎగ్గట్టే దాటేవాడు.

ఏట్లో చుక్క నీరు లేక రెండేళ్ళయినా సరే, గట్టు దిగగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. పంచె మోకాళ్ళ పైకి లాగి, కర్రతో ఇసుకలో లోతు చూసుకుంటూ, వరదకు అడ్డం పడి నడిచేవాడిలా ఒక్కో అడుగే వేసేవాడు. అదైనా తిన్నగా కాదు. ఒకప్పుడు మడుగు ఉన్న చోటు రాగానే పెద్ద చుట్టు తిరిగేవాడు.

“ఏంది మామా, అట్ల చుట్టుకొని పోతాండావు?” అని అడిగితే, “ఆడ నిలువు లోతురా. నాకు ఈత రాదు,” అనేవాడు నవ్వకుండా. బండ్లు తోలుకొచ్చినా, గొడ్లను తోలుకొచ్చినా ఇదే కేక: “అటు కాదు, లోతు!” పిచ్చివాడితో గొడవెందుకని అందరూ పక్కకు తిప్పుకునేవాళ్ళు.

గిద్దలూరు స్టేషను ఏటికి అవతల. ఆయన దాటేలోపు రైలు వచ్చి, కూత వేసి, పోయేది. “ఈ ఒక్కసారన్నా పంచె దించి పరిగెత్తయ్యా!” అని చెంచమ్మత్త గట్టు మీద నుంచి అరిచేది.

“తడిస్తే నువ్వు ఉతుకుతావా?” అని ఏటి నడుమ నుంచి జవాబు.

మేము కర్నూలు జిల్లాలో, మద్రాసు సర్కారు కింద ఉన్న రోజులవి. వరసగా రెండో ఏడు వానలు తప్పిన ఎండాకాలంలో, ఒడ్డున పొలమున్న కొండయ్య అర్జీ పెట్టాడు: ఏరు చచ్చిపోయింది, ఊరి ముందరి ఇసుకను బంజరుగా రాసి నాకు పట్టా ఇప్పించండి అని. విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

పట్టా వస్తే కంచె పడుతుంది. కంచె పడితే ఊరి బయటి పాలెం వాళ్ళకు నీళ్ళు లేవు. వాళ్ళను ఊరి బావి దగ్గరికి రానిచ్చే కాలం కాదది. ఏట్లో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళను చిప్పతో తోడుకోవడమే వాళ్ళకున్న దారి. పాలెం ఆడవాళ్ళంతా గట్టు మీద చేరారు. ముందు వరసలో యేసుమణి, చంకలో ఖాళీ కడవ.

“ఇది ఏరేంది సార్?” అన్నాడు కొండయ్య. “పశువుల సంత ఈ ఇసకలోనే. పెండ్లి బండ్లు పోయేది ఇందులోనే. గంగమ్మ కొలుపు ఈడనే, పాలెమోళ్ళ ప్రార్థన కూటాలూ ఈడనే. ఏరయితే అందరూ మునిగిపోరా?”

“నిద్దరపోతాంది సార్,” అన్నాడు మామ. “నిద్దరపోయేదాన్ని పాడెక్కిస్తామా? ఊరూ పాలెం ఒక్కచోట కూర్చునేది దీని ఒళ్ళోనే గదా.”

ఇన్‌స్పెక్టరు గొలుసు గడియారం తీశాడు. “నాకు రైలుంది. నీళ్ళుంటే చూపించు. అరగంట. లేకపోతే బంజరని రాసేస్తాను.”

మామ చెప్పులు విప్పాడు. పంచె ఎగ్గట్టాడు.

“ఇయ్యాల వద్దు మామా, నీకు దండం పెడతా!” అన్నాను.

వినలేదు. కర్ర పొడుస్తూ నడిచాడు. పది నిమిషాలు పోయాయి. మడుగు దగ్గర యథాప్రకారం చుట్టు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు వెనకే నడుస్తూ గడియారం మూత తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

“ఈడ తవ్వురా,” అన్నాడు మామ చివరికి.

మోచేతి లోతు తవ్వాను. పొడి ఇసుక. చెయ్యంత లోతు తవ్వాను. అంచులు జారి గుంత పూడిపోయింది.

“అయిపోయిందా మాల్యాద్రీ, స్నానం?” అన్నాడు కొండయ్య.

ఎవరూ నవ్వలేదు. యేసుమణి గట్టు దిగి వచ్చింది.

“మడుగు చూపించు నాయనా. ఇంక దాచి ఏం లాభం?” అని, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “ఈ పెద్దాయన దినామూ పొద్దున్నే ఇట్లనే నడుస్తాడు సార్. ఇసక చల్లగా తగిలిన కాడ మూడు రాళ్ళు పెట్టి పోతాడు. మేము ఆడ తవ్వుకుంటాం. ఇయ్యాల్టి దాకా పదేండ్లలో ఒక్క గుంతా వట్టిపోలా. మడుగు మాత్రం ఆఖరుకని దాచినాడు.”

చెప్పులు చంకలోకి ఎందుకు ఎక్కేవో నాకప్పుడు తెలిసింది.

“మాకొక్క మాట చెప్పొచ్చు గదా మామా?”

“చెప్పితే ఎవరి బిందెలు ముందొస్తాయో తెలీదా? పిచ్చోని ఎనక ఎవరూ రారు.”

కర్ర పారేసి మడుగు వైపు తిరిగాడు. పంచె తొడల దాకా లాగి, “మునిగితే పట్టుకో,” అన్నాడు నాతో. నాలుగు అడుగులు వేసి ఆగాడు. తవ్వాను. ఇసుక నల్లబడింది. తర్వాత చెమ్మ. అంతే.

“ఇంకా రెండు నిమిషాలు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నా చేతుల మీద యేసుమణి చేతులు కూడా పడ్డాయి. ఇద్దరం కలిసి తోడాం. గుంత అడుగున ఏదో మెరిసింది. రూపాయి బిళ్ళంత నీరు, చూస్తుండగానే చిప్పెడయింది.

యేసుమణి చిప్ప ముంచి, ఎవరికివ్వాలో తెలియక నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఆమెను చూశాడు, ఊరివాళ్ళను చూశాడు, వంగి దోసిలి పట్టాడు. ఆమె పోసింది. తాగి, మూతి తుడుచుకుని, కాగితం మీద ‘ఏరు’ అని రాసి సంతకం పెట్టాడు. కొండయ్య ఇచ్చిన అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“రైలు, రైలు!” అంటూ ఇన్‌స్పెక్టరు నాలుగడుగులు పరిగెత్తి, చటుక్కున ఆగాడు. ఒకసారి ఇసుకను చూసుకున్నాడు. బూట్లు విప్పి చంకలో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు.

“అటు కాదు సార్, లోతు!” అని కేకేశాడు మామ.

ఇన్‌స్పెక్టరు పెద్ద చుట్టు తిరిగి వెళ్ళాడు. ఆయన అవతలి గట్టు ఎక్కేలోపు రైలు వచ్చి, కూత వేసి, పోయింది.