బావి లెక్క రాసిన గోడ

బావి లెక్కలో నేను దొంగనయ్యేదాకా పోయిన సంగతి చెప్తాండా, వినండప్పా. నవ్వితే నవ్వండి. ఆ పొద్దు మాత్రం నాకు నవ్వు రాలేదు, చెమట వచ్చింది.

మా ఊరు కమలాపురం పక్కనే. ఊళ్లో ఉండేటివి ఉప్పునీళ్లే. మంచినీళ్లకు ఆడోళ్లు రెండు మైళ్లు పోయి రావాల. ఆఖరికి మా పెద్దరెడ్డి, "బావి తవ్వండి, తవ్వినోళ్లకు జొన్నలు నేనిస్తా, మూరకు అరబస్తా" అన్నాడు. ఇరవై మూరలకు నీళ్లు పడతాయని అంచనా. అంటే పది బస్తాలు. మరి లెక్క ఎవరు పెట్టాల? ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చింది నాకే. "మస్తానూ, నువ్వే చూసుకోప్పా" అన్నాడు రెడ్డి.

నేను ఒకప్పుడు రైలుకట్ట పనికి పోయినా. ఆడ దొర గోడకు కాగితం అంటించి, ఎంత పని అయిందో రోజూ గీత గీసేవాడు. నా దగ్గర కాగితం యాడుండాది? మా ఇంటి ముందరి గోడనే కాగితం చేసినా. పైనుంచి కిందికి మూరకొక సున్నం గీత. అడుగున ఇరవయ్యో గీత పడేకాడ ఒక కడవ బొమ్మ. దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. నాకు శానా గొప్పగా ఉండేది.

పీర్ల పండగ వచ్చింది. ఆ పొద్దే లెక్క చూసుకుంటానని రెడ్డి కబురు పంపినాడు. నేను సంతకు పోయి వచ్చేసరికి గోడ ఎర్రగా మెరిసిపోతాండాది. మా ఇంటామె హుసేనమ్మ పండగ కదా అని ఎర్రమన్ను పూసేసింది. ఒక్క గీత లేదు.

నోటికొచ్చినట్టు అరిచినా. ఆమె ఏదో చెప్పబోయింది. చెప్పనియ్యలేదు. ఆమె చేతులు కడుక్కొని లోపలికి పోయింది.

బావిలోకి ఒక తాడు వదిలి కొలుచుకుంటే అయిపోయేది. కోపంలో ఆ తెలివి యాడొస్తాది? లెక్క నా తలకాయలోనే ఉండాది లెమ్మని సున్నం తెచ్చి గీసినా. ఎనిమిది గీతలు వచ్చినాయి. సరిగ్గానే ఉండాదనిపించింది.

రెడ్డి వచ్చి గోడ ముందర నిలబడినాడు. వేళ్లు ముడుచుకుంటా లెక్క కట్టినాడు.

"ఎనిమిది మూరలకు నాలుగు బస్తాలు. నా కొట్టంలోనుంచి నీ చేతిమీదుగా అయిదున్నర పోయినాయి. ఒకటిన్నర బస్తా యాడికి పోయినట్టు, మస్తానూ?"

నేను గోడ మీది గీతలు మళ్లీ ఎంచినా, ఎనిమిదే. ఆయన గట్టిగా కూడా అడగలేదు. మెల్లగా అడిగినాడు, అదే నాకు భయమైంది.

లోపలినుంచి హుసేనమ్మ గొంతు వినపడింది. "మూరలు పదకొండప్పా. ఈడికి వచ్చి చూడండి."

పోయి చూస్తే, జొన్నల గుమ్మి మీద బొగ్గుతో వరసగా పదకొండు గీతలు. కింద కడవ కూడా ఉండాది. నా కడవ కన్నా అందంగా వేసింది. రెడ్డి నమ్మకం చాలక మనిషిని పంపి తాడు వేయించినాడు. పదకొండు మూరలు, వేలెడు తేడా లేదు.

"ముందే చెప్పొచ్చు కదా" అన్నా నేను, తలకాయ వంచుకొని.

"చెప్పేదానికి సందిచ్చినావా మామా? అలికితే పోతాదని ముందే గుమ్మి మీదికి దించుకున్యా. రోజూ నాలుగు కడవలు మోసేది నేను. ఇంకెన్ని మూరలుండాయో నేను మర్చిపోతానా?"

రెడ్డి మీసాల కింద నవ్వుకున్యాడు. "ఇంక లెక్క హుసేనమ్మే చూస్తాది. నువ్వు మట్టి మొయ్యి" అన్నాడు.

మరుసటి రోజునుంచి ఆమె బావి గట్టున కూర్చొని గీతలు గీసేది. నేను మట్టితట్ట నెత్తిన పెట్టుకొని ఆమె ముందరే గట్టు దిగి ఎక్కేవాణ్ని. పదిమందీ నవ్వినారు. నవ్వరా మరి?

ఒక్క సంగతి మాత్రం నవ్వినోళ్లెవరూ గమనించలేదు. తట్టలు నింపేవాళ్లకు నా వంతు వచ్చినప్పుడల్లా ఆమె కంటితో సైగ చేసేది, నా తట్టలో రెండు దోసిళ్ల మన్ను తక్కువ పడేది. ఎంత పక్కాగా లెక్క రాసే మనిషైనా, అది మాత్రం ఆమె యాడా రాయలేదు.