కరీముల్లా సైకిలు

కరీముల్లా ప్రొద్దుటూరు వాస్తవ్యుడు. సైకిలు వెనుక బట్టల మూట కట్టుకొని, జమ్మలమడుగు వైపు పల్లెల్లో చీరలు, లుంగీలు అమ్మి సంసారం ఈడ్చిన మనిషి. కుమారుడు షహబాజ్ ఊళ్లో బట్టల దుకాణం తెరిచిన పిమ్మట, దుకాణదారు తండ్రి మూటతో వీధులు తిరగడం మర్యాద కాదని ఆ తిరుగుడు మాన్పించి, సైకిలును పాత సామానుకు వేశాడు.

కొద్ది కాలానికే కరీముల్లాకు కుడిచేయి వణకసాగింది. కడపలోని వైద్యుడు దానిని పార్కిన్‌సన్స్ వ్యాధిగా నిర్ధారించారు. మాత్రలతోపాటు ప్రతిదినం ఒళ్లు అలిసేటట్లు వ్యాయామం చేయించవలెననియు, కదలకుండా ఉన్నకొద్దీ మెదడుకు నడక మీద పట్టు సడలుతుందనియు చెప్పి పంపారు.

ఇంటివారు మాత్రలు తప్పనివ్వలేదు. వ్యాయామానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. జబ్బుపడిన పెద్దమనిషిని శ్రమపెడితే చూడవచ్చిన బంధువులు ఏమనుకుంటారోనని వెనుకాడారు. ఆయనను వసారాలో మంచం మీద పడుకోబెట్టి, మంచినీళ్లు సైతం నోటికి అందించారు. దానినే సేవ అనుకున్నారు.

ఏడాది తిరిగేసరికి గడప వద్ద పాదాలు నేలకు అతుక్కున్నట్లు ఆయన నిలిచిపోసాగారు. మాట సన్నగిల్లింది. ఒక ఉదయం స్నానాల గది ముందు పడిపోయారు. భార్య హజరాబీ లేపబోగా, ముఖం గోడవైపు తిప్పుకొని, "నన్ను ఇంక లేపాకు" అన్నారు.

ఆ మాట ఆమెను నిలువనీయలేదు. వైద్యుడు చెప్పిన వ్యాయామం తలచుకొని, మరునాడు పక్కింటివారి సైకిలు అడిగి తెచ్చి, ఇద్దరి సాయంతో ఆయనను ఎక్కించారు. నాలుగడుగులు వేయలేని మనిషి, కాళ్లకు పాత అలవాటు గుర్తున్నట్లు, తొక్కసాగారు. హజరాబీ సీటు పట్టుకొని పక్కన పరుగెత్తారు. వీధి చివర ఆపడం ఆయనకు చేతకాలేదు. ఇద్దరూ కలిసి పడ్డారు.

కబురంది షహబాజ్ పరుగున వచ్చాడు.

"బజారంతా నగుతాండారు. ముసలాయనతో సర్కస్ చేపిస్తాండావా అమ్మా?"

"నగనీలేరా. రేపు మీ నాయన పోతే జనాజా మోసేదానికీ వాళ్లే వస్తారు. ఆ పొద్దు నువ్వు శానా మర్యాదగా నిలబడుదువులే."

షహబాజ్ కింద కూర్చొని తండ్రి మోచేతి నెత్తురు తుడవసాగాడు. కరీముల్లా పెదవులు కదిలాయి. వంగితే తప్ప వినిపించలేదు. మళ్లీ ఎక్కించమని అడుగుతున్నారు.

పోయిన నడక పూర్తిగా తిరిగి రాదని వైద్యుడు ముందే చెప్పియున్నారు. షహబాజ్ వీధిలో నిలిచి చూస్తున్నవారి వైపు ఒకసారి చూసి, సైకిలు లేపి, రెండవ పక్క పట్టుకున్నాడు. ఈసారి ఎక్కించాక కరీముల్లా కుడిపాదం పెడలు మీదికి చేరలేదు. హజరాబీ నేల మీద కూర్చొని, దానిని రెండు చేతులతో ఎత్తి పెట్టారు.