పచ్చ చుక్క లేని సీసా

చింతామణి బజారులో సూర్యప్రకాశ్ అంగడికి సరుకు వేయాలంటే ఏజెంట్లకు ఓపిక కావాలి. మూట దించకముందే అతను అడిగే ప్రశ్న ఒకటే: "దీంట్లో ఏం కలిపినారు?" ఇంగువైనా అంతే, నెయ్యైనా అంతే. మిరియాలు గుప్పెట్లోకి తీసుకుని, బొప్పాయి గింజలేమైనా ఉన్నాయేమోనని వెలుతురులో చూస్తాడు. బిస్కెట్ల ప్యాకెట్టు తిరగేసి, శాకాహారమని చెప్పే పచ్చ చుక్క ఉంటేనే అరలో పెడతాడు. కేకు పిండి అమ్మడానికి వచ్చిన ఏజెంటు ఒకడు విసుగెత్తి, "సార్, పోలీసోళ్లు కూడా ఇన్ని అడగరు" అన్నాడు.

"పోలీసోళ్లు దాన్ని తినేది లేదు కదప్పా. మా గిరాకీలు తింటారు" అన్నాడు సూర్యప్రకాశ్, ప్యాకెట్టు వెనక్కి తోసేస్తూ.

అలాంటి మనిషి ఇంట్లో, మేడ మీది గదిలో, ప్రతి ఆదివారం వైన్ గురించి సంభాషణ జరుగుతుంది. చేసేది ఒక్కగానొక్క కూతురు రంజిత. బెంగళూరులో ఆహార సాంకేతిక శాస్త్రం చదివి, నంది కొండల కింద ఒక వైన్ తయారీ కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది. ఆదివారాలు కంప్యూటరు ముందు కూర్చుని, దేశదేశాల్లో వైన్ చేసేవాళ్లతో, రుచి చూసి తీర్పు చెప్పేవాళ్లతో మాట్లాడి, ఆ మాటలు ఇంటర్నెట్లో పెడుతుంది. వాళ్లలో కొందరు ముందుగా సీసాలు కూడా పంపుతారు. రంజిత ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న ప్లాస్టిక్ మగ్గులో ఉమ్మేసి, ఆ రుచి గురించి మాట్లాడుతుంది.

ఇది మొదలైనప్పుడు అడ్డుపడింది ఒక్కరే, సూర్యప్రకాశ్ తల్లి సులోచనమ్మ. ఆవిడ వంటింట్లో ఉల్లిపాయకు కూడా ఏడాదిలో కొన్ని నెలలు సెలవు.

"ద్రాక్షరసం పులిసినదే కదమ్మా" అని అతను నచ్చజెప్పాడు. "మన ఇడ్లీ పిండి పులిసేది లేదా?"

"ఇడ్లీ తిని ఎవుడన్నా మోరీ కాలవలో పడినాడా?" అంది సులోచనమ్మ. అయినా మనవరాలి మొహం చూసి రెండు షరతుల మీద ఒప్పుకుంది. మగ్గు వంటింటిది కాకూడదు, ఎవరూ మింగకూడదు.

తలుపు అవతల కూర్చుని వినడం సూర్యప్రకాశ్‌కు త్వరలోనే అలవాటైపోయింది. దక్షిణాఫ్రికాలో కోతులు తోటలోకి దిగి పండిన గుత్తులే ఏరుకుని తింటాయట. అర్జెంటీనాలో వడగళ్లకు భయపడి తోటంతా వల కప్పుతారట. జార్జియాలో మట్టి బానలు భూమిలో పాతి రసం పోస్తారట. ఇవన్నీ రాత్రి భోజనాల దగ్గర భార్య అంబికకు చెప్పేవాడు.

"యాడికి పోయినా వానా, దళారీ, ఈ రెండు బాధలే అంబికా."

"అంత తెలిసినోడివి, మన మేడ మీద కారే చోటు ఎప్పుడు తెలుసుకుంటావు?" అని ఆమె మజ్జిగ పోసేది.

ఇలా సాఫీగా సాగుతుండగా ఒక ఆదివారం మేడ మీద ఇంటర్నెట్ సన్నబడింది. రంజిత కంప్యూటరు తీసుకుని కిందికి, నడిమింట్లోకి వచ్చింది. తెర మీద ఫ్రాన్సులోని బోర్డో నుంచి పియేర్ అనే పెద్దాయన. బల్ల మీద ఆయన పంపిన సీసా. సూర్యప్రకాశ్ కూతురికి కాఫీ ఇవ్వబోయి తెరలో పడ్డాడు. పియేర్ చెయ్యి ఊపాడు. ఇతనూ ఊపాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, బల్ల మీది సీసా చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ తిరగేశాడు. పచ్చ చుక్కా లేదు, ఎర్ర చుక్కా లేదు.

"దీంట్లో ఏమేం కలుపుతారు సార్?" అని తనకు వచ్చిన ఇంగ్లీషులో అడిగాడు.

పియేర్‌కు ఆ ప్రశ్న నచ్చింది. ద్రాక్ష, ఈస్టు అని మొదలుపెట్టి, చివర గర్వంగా, మా తాతల నాటి పద్ధతి వదల్లేదు, వైన్ తేటపడడానికి పీపాకు అయిదారు కోడిగుడ్ల తెల్లసొన వేస్తాం అన్నాడు.

సులోచనమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ అంగడి ఇల్లు కాబట్టి 'ఎగ్' అన్న మాట మాత్రం బాగా తెలుసు. ఊరగాయ జాడీతో వస్తున్న ఆవిడ గడప దగ్గరే ఆగిపోయింది.

"అది ఉండిపోదు అవ్వా" అంది రంజిత, మాటలు ముగించి కంప్యూటరు మూసీ మూయకముందే. "మడ్డినంతా పట్టుకుని అడుక్కి దిగిపోతాది. పైతేట తీసుకుంటారు."

"పాయసంలో బల్లి పడితే, తీసేసి వడ్డిస్తే తింటావా?"

రంజిత సీసాను తన వైపు లాక్కుంది.

"నేను బాగేపల్లికి పోతాండా సూర్యా" అంది సులోచనమ్మ కొడుకుతో. బాగేపల్లిలో చిన్న కొడుకు రవీంద్ర ఉంటాడు. "గుడ్డుండే ఇంట్లో నేను నీళ్లు కూడా ముట్టను."

"నువ్వెందుకవ్వా పోయేది? నేనే చిక్కబళ్లాపురంలో రూము తీసుకుంటా" అంది రంజిత.

ఇద్దరూ మొండివాళ్లే. ఎవరు గడప దాటినా ఇల్లు సగమైపోతుందని సూర్యప్రకాశ్‌కు తెలుసు. సీసాను గడప బయట పెరట్లో పెట్టి, వారం రోజులు గడువు అడిగాడు. వచ్చే ఆదివారం దాకా ఎవరూ కదలకూడదు.

ఆ వారం అతను గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడన్న మాటే గానీ ధ్యాసంతా మేడ మీదే. తప్పు తనదేనని తోచింది. అంగడికొచ్చే ఆవాల పొట్లాన్ని నిలదీసినవాడు, ఇంట్లోకొచ్చే సీసాను అడక్కుండా రానిచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం సులోచనమ్మ సంచి సర్దుకుని, బాగేపల్లి బస్సు వేళకు చెప్పులేసుకుని వసారాలో కూర్చుంది. లోపల నడిమింట్లో, తెర మీద ఇటలీ కొండ పల్లె నుంచి జూలియా అనే ఆవిడ. రంజిత ముభావంగా మాట్లాడుతోంది. సూర్యప్రకాశ్ ఈసారి కాఫీ నెపం పెట్టుకోలేదు. కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు.

"మేడమ్, మీరు ఏం వేసి తేటపరుస్తారు? గుడ్డా?"

రంజిత తండ్రి వైపు బిత్తరపోయి చూసింది. జూలియా నవ్వింది. గుడ్డు వాడం అంది. ఎర్ర వైన్‌కు ఏమీ వేయం, దానంతటది తేరుకునే దాకా ఆగుతాం. తెల్ల వైన్‌కు ఒక రకం బంకమన్ను వేస్తాం. మా అవ్వ కాలంలో మాత్రం ఇన్ని పాలు పోసేవాళ్లం.

"ఏమంటాది?" అని వసారాలోంచి గొంతు వచ్చింది.

"పాలు పోసేవాళ్లంట అవ్వా" అంది రంజిత.

వసారాలో చెప్పుల చప్పుడైంది. సులోచనమ్మ గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"పాలా? పాకానికి పోసినట్లనా?"

"ఏ పాకం అవ్వా?"

"ఏ పాకమేంటే! చక్కెర పాకం ఉడికేటప్పుడు గరిటెడు పాలు పోస్తే మురికంతా నురగై పైకి తేలదా? దాన్ని తీసేస్తే పాకం అద్దం మాదిరి ఉంటాది. నువ్వు తినే జిలేబీ అంతా అట్ల చేసిందే. అడుగు ఆయమ్మను, వేడి మీద పోస్తారా, చల్లారినాక పోస్తారా?"

రంజిత అడిగింది. చల్లగా ఉన్నప్పుడే అంది జూలియా. మడ్డి పైకి తేలదు, అడుక్కి దిగుతుందంది. పాకం సంగతేమిటని తను ఎదురు ప్రశ్న వేసింది. సులోచనమ్మ చేత్తో గరిటె తిప్పుతూ చూపించింది. రంజిత ఇటు తెలుగు, అటు ఇంగ్లీషు చేయలేక చెమటలు కక్కింది. బయట బాగేపల్లి బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. విన్నది సూర్యప్రకాశ్ ఒక్కడే. అతను మెల్లగా లేచి, వసారాలోని సంచిని లోపల పెట్టి వచ్చాడు.

తెర మూశాక సులోచనమ్మ తీర్పు చెప్పింది.

"పాలైతే పరవాలేదు. మన్నైతే మరీ మంచిది, కృష్ణుడే తిన్నాడు. గుడ్డు మాత్రం నా గడప దాటేది లేదు. సూర్యా, సీసా రాకముందే అడగాల. వచ్చినాక అడిగితే ఏం లాభం?"

"అడుగుతానమ్మా" అన్నాడు సూర్యప్రకాశ్. జీవితమంతా చేసిన పనే కదా.

మిగిలింది పియేర్ సీసా. మరునాడు జంగమకోటె నుంచి సరుకులకొచ్చిన ద్రాక్ష రైతు చెన్నరాయప్పను అతను పక్కకు పిలిచి దాన్ని చేతిలో పెట్టాడు.

"ముందే చెప్తాండా, దీంట్లో గుడ్డుండాది."

చెన్నరాయప్ప సీసాను కళ్లకద్దుకున్నంత పని చేశాడు. "కోడే ఉన్నా నాకేమప్పా!"

అప్పటి నుంచి రంజిత సంభాషణల్లో చివరి ప్రశ్న తండ్రిది. వినేవాళ్లలో పాలూ గుడ్డూ ముట్టనివాళ్లు దేశదేశాల్లో ఉన్నారట, ఆ ప్రశ్న కోసమే వింటామని రాస్తున్నారు. సూర్యప్రకాశ్ ఇంతవరకు చుక్క రుచి చూడలేదు. చేప కడుపులోని గాలితిత్తితో తేటపరిచే పద్ధతి ఒకటుందని మాత్రం కనిపెట్టాడు. ఆ రోజు సులోచనమ్మ ఉపవాసం ఉన్నంత పనైంది.

మొన్న రవీంద్ర ఫోను చేశాడు. ఆదివారం వచ్చి నాలుగు రోజులుండిపొమ్మని తల్లిని పిలిచాడు.

"ఈ ఆదివారం కుదరదు నాయనా" అంది సులోచనమ్మ. "ఎవురో చిలీవాళ్లు వస్తాండారు. మీ అన్న ఒక్కటడిగి ఊరుకుంటాడు. నేను అడిగేది శానా ఉండాది."