గోడకు మడిచే రైలు బల్ల

మా అన్న నా బొమ్మ రైలు నడిపే బల్లను నన్ను అడగకుండా గోడనుంచి ఊడబీకి పాడెగా వాడాడు. కరోనా కాలం నాటి సంగతి. ఇంట్లో మంచం ఉంది, పెరట్లో నిచ్చెన ఉంది. వాటిని వదిలి నా బల్లనే తీశాడు. అప్పటినుంచి ఒకే చూరు కింద ఉంటూ కూడా నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఉప్పు కావాలన్నా గోడకు చెప్పినట్టు చెబుతాను.

నిన్న మగ్గం గదికి సున్నం వేస్తుంటే ఆ బల్ల తాలూకు మడత బందులు, తుప్పుపట్టినవి, చేతికి తగిలాయి. మళ్లీ కడుపు మండింది.

ఆ బల్ల ఊరికే రాలేదు. మైదుకూరుకు ఇవతల మా ఊళ్లో రైలు కూత వినబడదు. నేను బడి మొహం చూసిందీ తక్కువే. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. వయసు మళ్లాక ఫోన్‌లో ఎవరెవరో గదినిండా పరుచుకున్న బొమ్మ రైళ్లు చూసి మనసు పడి, కడపలో ఒక రైలూ, దాని పట్టాలూ కొన్నాను. పెట్టడానికి చోటేదీ? ఉన్నది ఒక్క గది, అందులో అన్న మగ్గం. మగ్గానికీ గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. అన్న నేసేటప్పుడు గోడకు మడిచి, ఆయన లేచాక దించుకునే బల్ల కావాలి. మొదట వేప పలకతో చేశాను. మట్టి గోడ ఆ బరువు మోయలేక, బందులతో సహా పెళ్లలూడి నా కాలి మీదే పడింది. కుంటుతూ తిరుగుతుండగా తట్టింది, నేతగాళ్ల ఇంట పుట్టి పలకలతో నాకేం పనని. పొడుగునా రెండు వెదుర్లు, అడ్డంగా బద్దలు, పైన ముతక గుడ్డ రెండు పొరలు బిగలాగి, పడుగు నూలుకు పట్టించే గంజినే దానికీ పట్టించాను. ఎండలో ఆరాక డప్పులా మోగింది. మడిచే కాళ్లు కూడా వెదురువే. ఒంటి చేత్తో ఎత్తి, తాటి ఉచ్చుతో గోడకు తగిలించేవాణ్ణి.

గంజి కాచి పట్టించింది మా వదిన. మోచేతుల దాకా గంజి పూసుకుని, "ఏం మరిదీ, ఇంత చాకిరీ చేస్తాండా, నీ రైల్లో నన్ను ఎక్కించుకుంటావా?" అనేది. "టికెట్ తీసుకో వదినా" అనేవాణ్ణి. అన్న మాత్రం మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలోంచి తలెత్తి, "ఇది బల్లనా, అప్పడమా? తుమ్మితే ఆలూరు దాకా పోతాది!" అని ఎగతాళి చేసేవాడు.

ఆలూరులో నా కూతురి ఇల్లు. నేనక్కడ ఉండగానే కరోనా వచ్చి బస్సులు ఆపేశారు. ఒకరోజు అన్న ఫోన్ చేశాడు. "మీ వదిన పొద్దున పోయింది రా. మధ్యాన్నానికే అయిపోజేసినాం. నువ్వు రావద్దు." అంతే. నేను రాగలిగేనాటికి గోడ ఖాళీ. రైలూ పట్టాలూ అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. బల్ల వదినతో పాటే కాలిపోయిందని వీధిలోవాళ్లు చెప్పారు. అన్నను అడిగితే మగ్గం ఆపలేదు, తలెత్తలేదు.

వదిన కోసం పోయిందని కాదు నా కోపం. ఆమె అడిగితే పది బల్లలు కట్టి ఇచ్చేవాణ్ణి. అప్పడమని నవ్విన మనిషే దాన్ని తీయడం, తీసి ఒక్క మాటైనా చెప్పకపోవడం, అదీ నా కోపం. అంత కోపాన్నీ ఇన్నేళ్లు ఒకే గదిలో, ఆయన పక్కనే మడిచి పెట్టుకుని బతికాను.

నిన్న సున్నం పని వదిలేసి, పంతంకొద్దీ కొత్త వెదుర్లు చీల్చి చట్రం కట్టడం మొదలుపెట్టాను. అన్న కర్ర ఊతంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేనింక ఆగలేకపోయాను.

"మంచం లేకుండెనా నీకు? నిచ్చెన లేకుండెనా? అప్పడమంటివే, ఆ అప్పడం మీదనే పండబెడితివా మనిషిని?"

అన్న వంగి, ఆ చట్రాన్ని ఒంటి చేత్తో లేపి, బరువు చూసి, మెల్లగా కింద పెట్టాడు.

"వీధిలో తలుపులన్నీ ఏసుకున్యారు రా. మోసేదానికి నేనూ, పక్కింటి సాయబూ, ఇద్దరమే. మంచం మీద లేపి చూస్తిమి, గడప దాటలేకపోతిమి. నిచ్చెనా అంతే బరువు. మా ఇద్దరి చేతులకు లేచేది ఇంట్లో అదొక్కటే."