అవ్వకు చెవుడొచ్చిన రోజు

నా చిన్నప్పుడు, నల్లగొండ జిల్లాలోని మా నేతగాళ్ల వాడలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మేం ఎరిగిన పెద్ద నీళ్లన్నీ రంగు తొట్లలో ఉండేవే. అలాంటి వాడలో పక్కింటి అక్క ఒక్క రోజులో బందరు పోయి వచ్చేసింది. వాళ్ల మేనమామ జీపు కిరాయికి మాట్లాడి, కోడి కూయకముందే అందర్నీ ఎక్కించుకుని పోయి రాత్రికల్లా దింపేశాడు. ఆ జీపులో పద్నాలుగుమంది పట్టారు. పదిహేనో మనిషికి జాగా లేదన్నారు. ఆ పదిహేనో మనిషిని నేనే.

తెల్లవారేసరికి అక్క వాడకంతా రాణి అయిపోయింది. అలలకు ఎదురు పరుగెత్తిందట. నల్లటి మెత్తటి బురదలో మోకాళ్లదాకా దిగిందట. దీపస్తంభం చివరిదాకా ఎక్కి, పడవల్ని చీమల్లా చూసిందట. ఎండ్రకాయను తరిమితే అది తిరిగి ఈమెనే తరిమిందట. ఒడ్డున కూర్చుని వేయించిన చేప తిన్నదట, మీద లడ్డు తిన్నదట, ఆ చేతులతోనే గవ్వలు ఏరిందట. ఒక్క రోజులో ఒక్క మనిషి ఇన్ని పనులు చేస్తే ఊపిరి ఎప్పుడు తీసుకుందో నాకు అర్థం కాలేదు. సీసాలో సముద్రం నీళ్లు కూడా తెచ్చి, తీర్థంలాగా అందరి అరచేతుల్లో చుక్క చుక్క పోసింది. నా వంతు వచ్చినప్పుడు నాలుకకు తగిలించుకుని, "మా బోరు నీళ్లే ఇంతకన్న ఉప్పగుంటయి" అన్నాను. అది నిజమని వాడలో ప్రతి నాలుకకూ తెలుసు. అయినా ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు.

కడుపులో మంట మొదలైంది. మా అమ్మ అది అజీర్తి అనుకుని గుప్పెడు వాము నమిలించింది. వాము నమిలితే తగ్గే మంట కాదది.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. మా అవ్వ ఆసు పోసేది. ఆసు అంటే ఒకవైపు అర్ధచంద్రంలా వరుసగా మేకులు, వాటికి ఎదురుగా ఒంటరి మేకు ఉండే చట్రం. ఆ ఒంటరి మేకు నుంచి వరుసలోని మేకులకు దారాన్ని వేల సార్లు అటూ ఇటూ తిప్పితే ఒక చీరకు చాలినంత పోగు తయారవుతుంది. ఆ పోగుకు ముడులు కట్టి రంగులో ముంచి, తర్వాత నేస్తారు. ఒక్క మేకు తప్పితే చీర మీద చిలక ముక్కు దాని తోక దగ్గర తేలుతుంది. అవ్వ చెయ్యి అలా తిరిగి తిరిగి, నడిచే చెయ్యే అయితే అప్పటికే బందరు పోయి నాలుగుసార్లు వచ్చి ఉండేది. ఆ పనిలో కునుకు రాకుండా పక్కన ఎవరో ఒకరు ముచ్చట్లు చెబుతూ ఉండాలి. ఆ పక్కన వేసిన పీట నాది. నాలుగేళ్లుగా నాది. దాని మీద కూర్చుని బడిలో కనబడిన పిల్లిని పులిగా, పులిని ఏనుగంత పులిగా పెంచి చెప్పేదాన్ని.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నా పీట మీద అక్క కూర్చుని ఉంది. అవ్వ చెయ్యి తిరుగుతోంది, అక్క నోట్లోంచి సముద్రం పారుతోంది. అవ్వ తల తిప్పకుండానే "జర పక్కకు జరుగు బిడ్డా, వెలుతురుకు అడ్డమొస్తున్నవ్" అంది. నా పీట పోయింది, నాకు వెలుతురులో కూడా జాగా లేకుండా పోయింది.

కాసేపటికి అవ్వ ఆకువక్క కోసం లోపలికి లేచింది. అక్క మూట విప్పి గవ్వలు లెక్కపెట్టుకుంటోంది. నేను చిటికెనవేలితో పోగును రెండు మేకులు దాటించాను. అక్క ముచ్చట్లలో పడి లెక్క తప్పిందని అవ్వ అనుకోవాలి, ఆమెను లేపేయాలి, పీట నాకు దక్కాలి. అదీ నా ఎత్తు.

అవ్వ వచ్చి కూర్చుంది. చెయ్యి రెండుసార్లు తిరిగి ఆగింది. మేకుల వైపు చూసింది, తర్వాత నా వైపు. నా చిటికెనవేలు నోట్లో ఉంది. తప్పు చేసినప్పుడల్లా అది అక్కడికే చేరుతుందని అవ్వకు బాగా తెలుసు.

అక్క ముఖం పాలిపోయింది. "నా మాటలతోనే తప్పిందా అవ్వా?"

"నీతోని గాదు బిడ్డా. నాకే పొద్దటిసంది చెవులు దిబ్బడేసినయ్. నువ్వు చెప్పేది ఒక్క ముక్క వినవడ్తలేదు. వినవడకపాయె, కునుకొచ్చె, చెయ్యి తప్పె." తర్వాత నన్ను పిలిచింది. "నువ్వు గీడ కూసో. అది ఏమంటాందో అడిగి నా చెవుల గట్టిగ చెప్పు."

అవ్వ తప్పిన పోగు విప్పుతూ మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. నేను మూతి ముడుచుకునే "అలలొచ్చినయంట" అని అరిచాను.

"అల అంటే ఎంత? అడుగు."

మోకాలంత అంది అక్క. నేను మగ్గమంత అని అరిచాను. ఎండ్రకాయ ఎటు నడుస్తదో అడుగు అంది అవ్వ. అడ్డంగా అని అక్క చెబితే, అడ్డంగా జీపు చక్రం దాకా వచ్చి దాన్ని కొరికిందని చెప్పాను. అక్కకు నవ్వు ఆగలేదు. గంట గడిచేసరికి నేను అడుగుతున్నాను, అక్క చెబుతోంది, సముద్రం మాత్రం నా నోటి దగ్గరికి వచ్చేసరికి పొంగుతోంది.

"దీపస్తంభం ఎక్కుతుంటె కాళ్లు వణికినయా, అడుగు."

అక్క అవ్వ వైపు ఒకసారి చూసింది. నా చెవి దగ్గరికి వంగింది. "సగమే ఎక్కిన. భయమై ఏడ్చుకుంట దిగిన. అవ్వకు చెప్పకే."

పొద్దటి నుంచీ నేను వెతుకుతున్నది అదే. ఆ ఒక్క ముక్క గట్టిగా అరిస్తే వాడంతా విని, రాణిగారు రాత్రిలోపు గద్దె దిగేది, పీట నాదయ్యేది. నోరు తెరిచాను కూడా. అక్క నా వైపే చూస్తోంది, గవ్వల మూట ఒళ్లో పట్టుకుని.

"మీది దాక ఎక్కిందంట అవ్వా. ఆడి గాలికి జడ ఊడిపోయిందంట" అని అరిచాను.

అప్పుడే లోపల, రెండు గదుల అవతల, మా అమ్మ మా చిన్నమ్మతో గుసగుసగా అంది: "చక్కెర అయిపోవచ్చింది, ముసలామెకు బెల్లం చాయ్ పోస్త."

"నాకు చక్కెర చాయే గావాలె" అంది అవ్వ, దారం మీంచి చూపు తిప్పకుండా.

నేనూ అక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అవ్వ చెయ్యి ఆగలేదు. "అంత మీదికి ఎక్కినంక బందరంత కనవడ్డదా, అడుగు" అంది.

అక్క కొంచెం జరిగి పీటలో సగం నాకిచ్చింది.

ఇదంతా విని నా కుళ్లు ఆ రోజుతో పోయిందనుకునేరు. నిక్షేపంగా ఉంది. తెలంగాణకు సముద్రం లేదని ఇప్పుడు మా ఆఫీసులో ఎవరన్నా అంటే నాకు కొత్తగా ఏమనిపించదు, నాకది ఎప్పుడూ పక్కింటిదే. ఎవరో ఒకరు సముద్రం ఒడ్డు నుంచి వరుసగా ఇరవై ఫోటోలు పంపుతారు, నా కడుపు భగ్గుమంటుంది. వెంటనే ఫోన్ చేసి, మొదటి నుంచి చెప్పమంటాను. అల ఎంత, ఏం తిన్నారు, ఎవరు జారిపడ్డారు, అన్నీ అడుగుతాను. ఎంత గొప్ప ప్రయాణంలోనైనా మనిషి గొంతు తగ్గించి చెప్పే ముక్క ఒకటి ఉంటుంది. అది నా చెవిన పడేదాకా నా మంట చల్లారదు. పడ్డాక, దాన్ని ఎవరికీ చెప్పను.