ఎస్తేరు తిన్న చప్పిడి కూడు

ముప్పై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. అది బయటికి రావలసిన రోజున నేను దాన్ని మింగాను. తరువాత ఎన్నిసార్లు ప్రార్థనలో మోకరించినా, చర్చిలో అయ్యగారి చేతి రొట్టె ఎన్నిసార్లు అందుకున్నా, దాని బరువు తగ్గలేదు. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను అవమానం మరచిపోయే మనిషిని కాను. పెళ్ళిలో నాకు పెట్టిన చీర అంచు ఎక్కడ చిరిగి ఉందో, దాన్ని చూసి ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ రోజుల్లో దీన్ని నేను పౌరుషం అనుకునేదాన్ని.

మాది మార్కాపురం తాలూకాలో ఒక పల్లె. అప్పుడు మద్రాసు ప్రభుత్వం. మామ, మా ఆయన కూలికి పోయేవారు. మరిది మార్కాపురం పలకల గనిలో పనిచేసి శనివారం ఇంటికి వచ్చేవాడు. వంట నాది. ఉప్పుకుండ మాత్రం అత్తది. చిటికెడు తీసి నా అరచేతిలో వేసి, "చూసి వాడు" అనేది.

తన పెళ్ళైన నెలకు మరిది గని నుంచి నలుగురు స్నేహితులను భోజనానికి తెచ్చాడు. వాళ్ళలో ఒకడు ఉప్పు అడిగాడు. అతని భార్య ఎస్తేరు, పద్దెనిమిదేళ్ళ కొత్త కోడలు, ఉప్పు పెడుతూ అంది: "మా అక్కకు ఉప్పంటే భయం అన్నా. మా ఇంట్లో రోజూ ఇట్లనే." అందరూ నవ్వారు. మామ కూడా నవ్వి, "ఇన్నాళ్ళకు ఇంట్లోకి నోరున్న కోడలు వచ్చింది" అన్నాడు. ఆ ఉప్పు చిటికెలతో కొలిచింది తానేనని అత్త ఒక్క మాట అనలేదు. ఎస్తేరు ఆ సాయంత్రానికే అదంతా మరచిపోయి నా పిల్లలకు తల దువ్వుతూ కూర్చుంది. నేను మరచిపోలేదు.

రెండేళ్ళకు ఆమెకు కడుపు వచ్చింది. ఏడో నెలలో కాళ్ళు పొంగాయి. చీలమండలు కనపడకుండా పోయాయి. కడియాలు చర్మంలోకి దిగితే కంసాలి వచ్చి కోసి తీశాడు. "నాకూ అందరు పిల్లలకూ ఇట్లనే వచ్చినాయి, ఏం కాదు" అని అత్త ఉప్పు కాపడం పెట్టమంది. కల్లుప్పును పెంకులో వేయించి, గుడ్డలో మూట కట్టి, కాళ్ళకు అద్దాలి. ఆ పని నాకు చెప్పింది. అప్పుడు మాత్రం ఉప్పుకుండ నా ముందుకే తెచ్చి పెట్టింది. నేను ఇద్దరిని మోసినప్పుడు నా కాళ్ళూ పొంగాయి. ఎవరు కాపడం పెట్టారు? జొన్నల మూట మీద ఆమె కాళ్ళు ఎత్తి పెట్టి నేను ఉప్పు మూట అద్దుతుంటే, చూసినవాళ్ళు నన్ను మెచ్చుకునేవారు. సొంత చెల్లెలికి కూడా ఇట్ల చేయరు అనేవారు.

మిషన్ ఆసుపత్రి నర్సమ్మ నెలకోసారి మా పల్లెకు వచ్చేది. ఎస్తేరు కాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి అట్లాగే ఉంది. తొలిచూలు పిల్ల భయపడుతుందని నన్ను ఒక్కదాన్నే వంటింట్లోకి పిలిచింది.

"నువ్వే కదమ్మా వంట చేసేది? ఆ పిల్లకు ఉప్పు, పచ్చళ్ళు మానిపించు. తలనొప్పి అన్నా, కళ్ళు మసకలన్నా ఆలస్యం చేయొద్దు. బండి కట్టించి తీసుకురండి."

తల ఊపాను. ఆమె పోయాక ఎస్తేరు అడిగింది.

"నర్సమ్మ ఏందో గుసగుసలాడింది, ఏమనింది అక్కా?"

"ఏముంది? అందరికీ వచ్చేదే అనింది. కడుపు నిండా తినమనింది."

"అంతేనా? నేనింకా చచ్చిపోతానందేమో అనుకుంటిని!"

నవ్వింది. అదే నవ్వు. ఆ రోజు నుంచి కాపడానికి ఇచ్చిన ఉప్పులోంచి తీసి కూరలో రెండింతలు వేశాను. మామిడికాయ పచ్చడి అడగకుండానే పెట్టాను. చంపాలనుకున్నానా? లేదు. లేదనే అనుకుంటున్నాను. ఆ చేతితోనే ఆమె కాళ్ళు ఎట్లా ఒత్తానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మూడో నాడు ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇప్పుడు కుదిరింది అక్కా నీ చెయ్యి" అంది. మనసారా అంది. నాకు గెలిచినట్టు అనిపించింది.

మూడు వారాల తరువాత ఒక ఉదయం ఎస్తేరు తల పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"తల పగిలిపోతా ఉంది అక్కా. చూడు, మన కోడి రెండు కోళ్ళై తిరుగుతా ఉంది."

నర్సమ్మ మాట గుర్తుకు వచ్చింది. చెప్పవచ్చు. కానీ చెబితే, నీకు ఎప్పుడు చెప్పింది, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు అని అడుగుతారు కదా? తలకు శొంఠి అరగదీసి పెట్టాను. మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు బండి కట్టారు.

బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడు. ఎస్తేరు రెండు రోజులు తెలివి లేకుండా పడి ఉంది. నర్సమ్మ అందరి ముందూ నన్ను అడిగింది: "నీకు చెప్పినాను కదమ్మా, మరి?"

ఇది ఉప్పు కంటే పెద్ద పాపం.

"నేను చెప్పినా. అదే వినలేదు" అన్నాను.

తెలివి వచ్చాక ఎస్తేరుకు ఆ నెల సంగతులేవీ గుర్తులేవు. నోటి రుచికి బిడ్డను తినింది అని అత్త అన్నది, వాడకట్టంతా అన్నది. ఆమె నమ్మింది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నువ్వు అంత చెప్పినా వినలేదంట కదా అక్కా. నన్ను క్షమించు" అని నా చేతులు పట్టుకుంది. విడిపించుకోలేదు.

ఆ రోజు నుంచి ఆమె ఉప్పు ముట్టలేదు. మళ్ళీ పిల్లలు కలగలేదు. మూడు పదుల ఏళ్ళు ఆమెకు వేరే చిన్న కుండలో చప్పిడి కూడు వండింది నేనే. పండగనాడు కూడా అదే. మరిది ఎప్పుడైనా బతిమాలితే, "నాకు ఇదే బాగుంది" అనేది. పోయిన ఏడాది ఆమె పోయింది. ఆ కుండ ఇంకా పొయ్యి పక్కనే ఉంది.

బిడ్డ పోయింది ఉప్పు వల్లనో కాదో నాకు తెలియదు. ఏ డాక్టరునూ అడగలేదు. కాదంటాడేమోనని భయం. ఆ మాట పట్టుకుని నేను తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. ఇది రాస్తున్నప్పుడు కూడా, ఆనాడు అత్త ఒక్క మాట అని ఉంటే అని కోపం వచ్చింది. చూశారా?

ఎస్తేరుకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను. నర్సమ్మ నాకు చెప్పింది. నేను నీకు చెప్పలేదు, ఎస్తేరూ. నువ్వు నా మాట వినకపోవడం అనేది జరగనే లేదు.