బంగారం మిషన్

ఆ ఏడు మా చేన్లో శెనక్కాయ చెట్లకు ఊడలు దిగలేదు. పూత పూసింది గానీ పూత మీద పడాల్సిన వాన పడలేదు. చెట్టు పీకి చూస్తే వేరు తప్ప కాయ లేదు. పశువుల మేతకైనా పనికొస్తుందని అంతా పీకి వామి వేశాం. కొన్నాళ్లకే మా ఆయన ఉన్న గొర్రెలను సంతలో అమ్మేసి, కళ్యాణదుర్గంలో ఒకాయన దగ్గర పాత మెటల్ డిటెక్టర్ కొనుక్కొచ్చాడు.

నేను అంగన్‌వాడీ పని నుంచి వచ్చేసరికి దాన్ని గోనెసంచిలోంచి తీసి వసారాలో తుడుస్తున్నాడు. పొడవాటి కడ్డీ, దాని కింద దోసె పెనమంత నల్లటి చక్రం, పైన చిన్న తెర, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. ఊళ్లో అందరూ దాన్ని బంగారం మిషన్ అన్నారు. మాకూ అదే పేరు అలవాటైంది.

"దీంతో ఏం చేస్తావయ్యా?" అన్నాను.

"గని కాడ తిప్పుతా. దీన్ని అమ్మిన ఆయప్పకు పోయినేడు శెనగ్గింజంత బంగారం దొరికిందంట."

"అట్లా దొరికితే మిషన్ ఎందుకమ్ముకుంటాడు?"

ఆయన మిషన్‌ను తీసుకుపోయి దేవుని గూటి కింద గోడకు ఆనించి పెట్టాడు.

మా ఊరికి కొంత దూరంలో ఎప్పుడో మూతపడిన బంగారు గని ఉంది. నేను కాపురానికి వచ్చేసరికే దాని గేటుకు తుప్పు పట్టింది. లోపలి నుంచి తోడిపోసిన బూడిదరంగు మట్టి గుట్టలుగా మిగిలిపోయింది. గాలి లేస్తే ఆ దుమ్ము మా ఊళ్ల మీదికే వస్తుంది. గని స్థలంలోకి ఎవరినీ పోనివ్వరు. మేము పోయింది దాని బయట, గుట్టల కింది వంకలోకి. ఎప్పుడన్నా గట్టి వాన పడితే పైనుంచి పలుగురాళ్లు, మన్ను కొట్టుకొచ్చి అక్కడ పేరుకుంటాయి. ఆ మన్నులో బంగారు రజను ఉంటుందని పెద్దవాళ్లు అనేవాళ్లు. చూసినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

సెలవు రోజుల్లో నేనూ పోయేదాన్ని. ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చక్రం నేలకు తగలీ తగలనట్టు అటూ ఇటూ ఊపుతూ మెల్లగా నడిచేవాడు. నేను గడ్డపార, చాట పట్టుకుని వెనక నడిచేదాన్ని. ఆయన ఆగి కాలి బొటనవేలితో నేల మీద గీత గీస్తే అక్కడ తవ్వాలి. తవ్విన మన్ను చాటలో పోసి చక్రం కింద పట్టాలి. మిషన్ కూస్తే వస్తువు చాటలోకి వచ్చినట్టు. అప్పుడు సగం మన్ను పారబోసి మళ్లీ పట్టాలి. అలా తగ్గించుకుంటూ పోతే చివరికి గుప్పిట్లో మిగిలేది ఒక మేకు. లేదంటే ఎద్దు లాడం ముక్క, గుట్కా పొట్లం రేకు, బీరు సీసా మూత. మా నేలలోనే ఇనుము ఎక్కువ కాబట్టి ఏమీ లేనిచోట కూడా మిషన్ మూలిగేది.

ఒకసారి నన్నూ వినమని హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. చెవి దగ్గర దోమ తిరిగినట్టుంది.

"ఏం తేడా తెలుస్తాదయ్యా దీంట్లో?"

"విని విని తెలుసుకోవల్ల," అన్నాడు.

వినడం ఆయనకు బాగా అలవాటైపోయింది. ఇంట్లో కూచున్నా తల కొంచెం పక్కకు వంచి ఏదో వింటున్నట్టే ఉండేవాడు. పిలిస్తే రెండో పిలుపుకు గానీ పలికేవాడు కాదు. ముఖం పీక్కుపోయి, మెడ వెనక చర్మం ఎండకు పగిలింది. బెంగళూరులో పనిచేసే మా కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా, నాయన్ని మానిపించమని నాతో అనేవాడు. మానేసి ఏం చేయాలో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

ఒక ఎండాకాలం వంక మలుపులో మిషన్ గట్టిగా కూసింది. మోకాటి లోతు తవ్వితే పిడికిలంత నల్లరాయి బయటపడింది. పిడికిలంతే అయినా చేతికి చాలా బరువు. అయస్కాంతం పెడితే అతుక్కుంది. ఆకాశం నుంచి రాలిన రాళ్ల గురించి ఆయన అప్పటికే ఫోన్లో చాలా వీడియోలు చూసి ఉన్నాడు. రాయిని తువ్వాలులో చుట్టాడు. మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కి అనంతపురం పోయాం. అక్కడ ఒక కాలేజీలో రాళ్ల గురించి పాఠం చెప్పే మేడమ్‌ను అడిగి అడిగి కలిశాం.

ఆమె రాయి మూలను కొంచెం అరగదీసి భూతద్దంతో చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆయన వైపు కుర్చీ జరుపుకుంది.

"ఇది పైనుంచి పడింది కాదన్నా. ఎప్పుడో ఈ పక్కనే ఎవరో ఇనుము కరగబెట్టి ఉంటారు. ఆ కొలిమిలో మిగిలిన చిట్టెం. ఇక్కడ చూడండి, గాలి బుడగల తొర్రలు."

"సరే మేడమ్," అన్నాడాయన.

తిరుగు ప్రయాణంలో రాయిని బస్సు సీటు కింద పెట్టాడు. బత్తలపల్లిలో బస్సు ఆగినప్పుడు నాకు వేడివేడి శెనక్కాయలు కొనిచ్చాడు. తను ఒక్కటీ ఒలుచుకోలేదు. మేము దిగేచోటు వచ్చాక రాయి సంగతి గుర్తు చేశాను.

"ఉండనీలే," అని దిగిపోయాడు.

సోలార్ వాళ్లు వచ్చింది ఆ తర్వాతే. మెరక మీదున్న చేలన్నీ కలిపి కౌలుకు అడిగారు. వాళ్లకు వానతో పనిలేదు, ఎండ ఉంటే చాలు. అందరం సంతకాలు పెట్టాం. చదును చేసే పని పై చేల నుంచి మొదలై రోజురోజుకూ మా గట్టు వైపు దిగుతూ వచ్చింది. జేసీబీ చప్పుడు ఇంట్లోకి వినబడేది.

ఒకరోజు పొద్దున సంగటి తింటూ ఆయన చేయి ఆపాడు.

"మే, పాప యాడ ఉండాదో నీకేమన్నా తెలుసునా?"

పాప అంటే మా మొదటి బిడ్డ. కూర్చోవడం నేర్చుకుంది, పాకడం ఇంకా రాలేదు. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో, బస్సులో, నా ఒళ్లోనే పోయింది. చిన్నబిడ్డలను కాల్చరు కాబట్టి చేన్లో పూడ్చారు. ఆడవాళ్లు పోకూడదన్నారు. వాకిట్లో నిలబడి చూసింది ఒక్కటే నాకు గుర్తు: ముందు మా మామ గుడ్డలో చుట్టిన బిడ్డను ఎత్తుకుని నడుస్తున్నాడు, వెనక మా ఆయన పార పట్టుకుని పోతున్నాడు. తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అదే చేన్లో ఇన్నేళ్లూ కలుపు తీశాను, విత్తనం వేశాను. ఏ అడుగు కింద ఉందో తెలియకుండానే తిరిగాను.

"నాకెట్లా తెలుస్తాది? నన్ను రానీలేదు కదా," అన్నాను.

"వంక పక్క మూల, కానుగ చెట్టు కింద పెట్టినాం. పైన నాయన రాళ్లు పేర్చినాడు. చెట్టు కొట్టేస్తిమి. వంక పొంగిన ఏడాది ఆ రాళ్లు కొట్టుకపోయినాయి, గట్టు కూడా జరిగింది. నిన్న పోయి చూసినా. ఏ చోటో తెలియడంల్యా."

"తెలియకపోతే ఏం చేస్తాం?"

"మిషన్ తిప్పుతా. కడియాలు తీయలేదు మే."

బిడ్డ కాళ్లకు మా అమ్మ పెట్టిన వెండి కడియాలు ఉండేవి, చిన్న మువ్వలతో. వాటిని మా అత్త తీయించి ఉంటుందని, కంసాలికి వేసి ఉంటుందని ఇన్నేళ్లూ నా మనసులో ఉంది. ఆమె పోయేదాకా ఆ సంగతి ఆమెను అడగనూ లేదు.

"అత్త తీయమనలేదా?"

"అనింది. తీద్దామని కాలు పట్టుకున్నా. చేతులు రాల్యా."

ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. సంగటి అట్లాగే ఉండిపోయింది.

ఆ రోజు అంగన్‌వాడీని ఆయాకు అప్పగించి నేను చేనికి పోయాను. ఆయన వంక పక్క మూలంతా తాడు కట్టి వరుసలుగా విడదీశాడు. గని దగ్గర ఎప్పుడూ అంత పద్ధతిగా వెతకలేదు. ఒక్కో వరుసా నడుస్తూ, మిషన్ కూసిన చోటల్లా ఆగాడు. గడ్డపార ముట్టుకోనివ్వలేదు. నేను కూర్చుని చేతులతోనే, చిన్న గరిటెతో మన్ను తీశాను. విరిగిన గుంటక ఇనుప పాస ముక్క వచ్చింది. మేకులు వచ్చాయి. కరెంటు తీగ చుట్ట వచ్చింది. అది కాదని తెలిసిన ప్రతిసారీ నాకు ఊపిరి ఆడేది. మళ్లీ ఆయన ఆగగానే గరిటె పట్టుకుని వంగేదాన్ని. దొరకాలనీ దొరక్కూడదనీ రెండూ ఒకేసారి అనిపించేది.

మధ్యాహ్నానికి జేసీబీ పక్క చేన్లోకి వచ్చింది. డ్రైవరు మమ్మల్ని కాసేపు చూసి కేక వేశాడు.

"ఏం అన్నా, ఏమన్నా దొరికిందా?"

"లేదప్పా."

"ఈడ బంగారం యాడ ఉంటాది అన్నా?"

మా ఆయన హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చుకున్నాడు.

"బంగారం కాదప్పా. మా బిడ్డను ఈడ పూడ్చినాం. చోటు తెలీకుండా పోయింది."

డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. ఆ చప్పుడు ఆగాక చేలల్లో గాలి తప్ప ఏమీ వినబడలేదు. అతను దిగి గట్టు దాకా వచ్చి, దాటకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఈ మూలకు కడాకు, అన్నీ అయినాక వస్తాలే అన్నా. మీరు చూసుకోండి," అని చెప్పి బండిని చేను అవతలి కొసకు తోలుకుపోయాడు.

ఆ పొద్దు దొరకలేదు. మరునాడు ఎండ ముదరకముందే పోయాం. జరిగిన గట్టుకు ఇవతల, తంగేడు పొద పక్కన ఆయన ఆగాడు. చక్రాన్ని ఒకసారి దాటించి, వెనక్కి తెచ్చి, మళ్లీ దాటించాడు. కాలితో గీత గీయలేదు. మిషన్ పక్కన పెట్టి తనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

మన్ను ఇద్దరం తీశాం. మోచేతి లోతు దాటాక మొదటి కడియం నా వేలికి తగిలింది. నల్లగా మారిపోయింది, నా రెండు వేళ్లు పట్టేంత చిన్నది. రెండోది దాని పక్కనే ఉంది. మువ్వల్లో మన్ను బిగిసిపోయి చప్పుడు రాలేదు. ఇంకేమీ లేదు. ఎముకలు కూడా లేవు. ఆ చోట మన్ను మాత్రం చుట్టూ ఉన్న ఎర్రమన్నుకన్నా కొంచెం నల్లగా, మెత్తగా ఉంది. ఆయన ఆ మన్నును దోసిళ్లతో తీసి, నేను తెచ్చిన కొత్త గుడ్డలో పోశాడు.

నాకు ఏడుపు రాలేదు. చోటు చూశాను, అంతే అనుకున్నాను. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను పక్కకు తిరిగి కూర్చున్నాను.

ఊరి శ్మశానంలో ఒక పక్కగా పూడ్చాలనుకున్నాం. మూట కట్టేముందు కడియాలు మన్ను మీద పెట్టాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"వద్దు మే. ఇవి పెడితే మళ్లీ ఎవుడో ఒకడు తవ్వుతాడు."

"శ్మశానంలో తవ్వుతారా?"

"తవ్వుతారు. నాకు తెలుసు. గని కాడికి వచ్చేటోళ్లు చెప్పుకోంగ విన్నా. మిషన్ కూస్తే ఆగరు."

కడియాలను నేనే తీశాను. ఆనాడు ఆయన చేయలేకపోయిన పని అది. మన్ను మీది నుంచి తీస్తున్నా, కాళ్ల నుంచి తీస్తున్నట్టే అనిపించింది.

ఇంట్లో ఉంచుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. నాకూ ధైర్యం చాలలేదు. చేను నడుమ మేము చివరిగా వేయించి వదిలేసిన బోరు ఒకటి ఉండేది, ఎంత దించినా దుమ్మే వచ్చిన బోరు. దాని మూతి మీది బండ పక్కకు జరిపాడు. నేను కడియాలను ఒకదాని వెనక ఒకటి లోపలికి వదిలాను. గొట్టానికి తగులుతూ పోయిన చప్పుడు కొంచెంసేపు వినబడింది. అడుగున పడిన చప్పుడు వినబడలేదు. ఏ మిషన్‌కూ అంత లోతు అందదని ఆయన అన్నాడు.

ఆ మన్ను మూటను శ్మశానంలో పూడ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆడవాళ్లు రాకూడదని ఈసారి ఎవరూ అనలేదు. అనడానికి అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు మెరకంతా సోలార్ పలకలే. మా చేను ఏదో బయటి నుంచి గుర్తుపట్టలేను. ఆయన మిషన్‌ను తాడిపత్రి నుంచి వచ్చిన ఒకాయనకు ఇచ్చేశాడు. ఆ మనిషి మాట మీదే మా ఆయన తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే చోట పనికి కుదిరాడు. వారానికొకసారి ఇంటికి వస్తాడు. చొక్కా ఎంత ఉతికినా రాతిపొడి పోదు, దగ్గు కూడా పట్టుకుంది. మానేయమని కొడుకు ఫోన్లో మళ్లీ అదే మాట చెబుతున్నాడు.

మారింది ఒకటే. ఎప్పుడన్నా పాప మాట ఎత్తుతాడు. మొన్న వచ్చినప్పుడు అన్నం తింటూ తింటూ, "దానికి నీ చెవులే వచ్చినాయి మే," అన్నాడు.

నాకు గుర్తు రాలేదు. బస్సులో నా చేయి మీద ఉన్న బరువు, ఆ ఒంటి వేడి గుర్తున్నాయి గానీ చెవులు ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. అవునని చెప్పి, మజ్జిగ పోశాను.